పదమూడు దారులు

ఆటల పట్టిక మా ఇంటికి సెప్టెంబరు మొదటి వారంలో వచ్చేది. ఊళ్ళో అందరికీ అది గెలుపోటముల కాగితం. మా ఇంట్లో మాత్రం దారుల కాగితం. మా అమ్మ వెల్డా, పైన్ ఫోర్క్ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు బస్సు నడిపేది. ఇరవై రెండేళ్ళుగా ఆ కొండల్లో, ఆ చలికాలాల్లో, అదే పని.

ఆ ఏడు నేను అదే కాలేజీలో ఆఖరి సంవత్సరం, టీచరు చదువు. కాలేజీలో పనిచేసేవాళ్ళ పిల్లలకు ఫీజు లేదు కాబట్టి చదువుతున్నాను. జట్టుకి స్కోరు పుస్తకం రాసే పని కూడా నాదే. నేను పెద్దగా మాట్లాడే మనిషిని కాను. ఎవరు ఎన్ని బంతులు వేశారో, ఎవరు ఎవర్ని తోశారో చూసి గీతలు గీసుకోవడం నాకు సరిపోయే పని.

సెప్టెంబరులో ఒక ఉదయం అమ్మా నేనూ క్లోవిస్ మామ పెట్రోలు బంకులో కాఫీ తాగుతున్నాం. బంకు వాళ్ళే అచ్చువేయించిన చిన్న అట్టముక్క మీద ఏడాది ఆటలన్నీ ఉన్నాయి. క్లోవిస్ మామ పెన్సిలు చెవి మీంచి తీసి ఒక్కో ఆట పక్కనా గెలుపో ఓటమో గుర్తు పెడుతున్నాడు. చుట్టూ ముసలివాళ్ళు.

"చూడండి, మొదటి ఆరింట్లో మూడు బయటి ఊళ్ళలోనే. థాంక్స్‌గివింగ్ పండగ నాటికే మన పిల్లలు కుదేలైపోతారు," అన్నాడు.

"బెల్‌గ్రోవ్ వాళ్ళని కొడితే చాలు. మిగతా ఇరవై అయిదూ ఓడినా నాకు నిద్ర పడుతుంది," అన్నాడు ఇంకొకాయన.

"పోయినేడూ ఇదే మాట. ఆ ముందేడూ ఇదే మాట. అసలు నువ్వు నిద్రపోయి ఎన్నేళ్ళయిందయ్యా?"

అందరూ నవ్వారు. క్లోవిస్ మామ అమ్మవైపు తిరిగాడు. "నువ్వు చెప్పు వెల్డా. ఈ ఏడు ఎన్ని?"

"పదమూడు."

"పదమూడు గెలుస్తామా! నీ నోట్లో తేనె పొయ్య!"

"పదమూడుసార్లు బయటికి వెళ్ళాలి, పదమూడుసార్లు తిరిగి రావాలి. గెలవడం వాళ్ళ పని," అంది అమ్మ.

కొత్త ఊరు పట్టికలోకి వస్తే ముందుగా ఒక ఆదివారం మా పాత కారులో ఆ దారి చూసి రావడం అమ్మకి అలవాటు. ఆ ఏడు మాత్రం పదమూడు దారులూ చూడాలంది. చర్చి అయ్యాక ప్రతి ఆదివారం బయల్దేరేవాళ్ళం. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, కనిపించిన ప్రతి బోర్డూ పైకి చదవమనేది.

"బెల్‌గ్రోవ్‌కి కూడానా? నువ్వక్కడికి వెళ్ళని ఏడు ఉందా?" అన్నాను.

"వరదకి వంతెన మార్చారంట. చదువు నువ్వు."

నేను చదివేదాన్ని. అమ్మ పెదాలు కదిపేది. "రాతి చర్చి. తర్వాత రెండు వంతెనలు. రెండో వంతెన మీద చక్రాల చప్పుడు మారుతుంది. అక్కణ్ణించి ముప్ఫై లెక్కపెట్టి కుడికి." ఇంటికొచ్చి వంట చేస్తూ అదే మళ్ళీ అనుకునేది. వయసు మీద పడితే జాగ్రత్త పెరుగుతుంది కాబోలు అనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు. మనుషుల్ని గమనించడం నాకు చేతనవునని అంతా అనేవాళ్ళు, నేనూ నమ్మాను.

నవంబరులో ఆటలు మొదలయ్యాయి. మేం ఓడిపోవడం కూడా మొదలైంది. ఒకచోట ఇరవై తేడాతో, ఒకచోట ముప్ఫై ఒకటితో. తిరుగు ప్రయాణంలో బస్సునిండా తడి తువ్వాళ్ళ వాసన, ఉల్లిపాయ వేసిన హాంబర్గర్ల వాసన. కోచ్ టాకెట్ మొదటి సీట్లో కాగితాల మీద బాణం గుర్తులు గీస్తూ గీస్తూ నిద్రపోయేవాడు. కుర్రాళ్ళు మొదట్లో తిట్టుకునేవాళ్ళు, తర్వాత అదీ మానేశారు.

డిసెంబరు మొదటి శనివారం నాలుగో దారిలో వెళ్తున్నాం. పొద్దున పది గంటల వేళ, ఎండ బాగానే ఉంది. రోడ్డు పక్కన నారింజరంగు బోర్డు కనిపించింది, దారి మూసేశారని. కాస్త దూరంలో ఇంకొకటి. బస్సు వేగం తగ్గలేదు. అమ్మ చూసే ఉంటుంది, పక్క దారేదో తెలిసి ఉంటుంది అనుకున్నాను. రెండో బోర్డు దాటిపోయింది. ఎదురుగా అడ్డంగా పెట్టిన పీపాలు కనిపించాయి. వాటి వెనక రోడ్డు లేదు. వానకి జారి వాగులోకి దిగిపోయింది.

"అమ్మా, ఆపు."

గట్టిగా కూడా అనలేదు. కానీ అమ్మ ఆపింది. పీపాలకి, మాకు మధ్య నాలుగు అడుగులుందేమో. సంచులన్నీ ముందుకు జారిపడ్డాయి. కోచ్ ఉలిక్కిపడి లేచాడు.

"ఏమైంది?"

"దారి మూశారు కోచ్. వెనక్కి తిప్పాలి," అంది అమ్మ. గొంతులో ఏ తేడా లేదు. గేరు కర్ర కోసం మాత్రం చెయ్యి రెండుసార్లు గాలిలో తడుముకుంది.

మర్నాడు పొద్దున వంటింట్లో అమ్మ రొట్టెలకి పిండి కలుపుతోంది. నేను బల్లకి ఇవతల నిలబడ్డాను.

"అమ్మా, నా మొహం చూడు."

"చూస్తూనే ఉన్నాగా."

"ఏం కనిపిస్తోంది?"

చేతులు పిండిలోనే ఆగిపోయాయి. 

"నీ చెవులు," అంది. "జుట్టు, భుజాలు. మధ్యలో ఎవరో రబ్బరుతో చెరిపేసినట్టుంటుంది."

"ఎప్పట్నించి?"

"ఈస్టరు అయినప్పట్నించి. మొదట చిన్న చుక్క. ఇప్పుడు నీ మొహమంత అయింది."

"డాక్టరుకి చూపించుకోలేదా?"

"లెక్సింగ్టన్ వెళ్ళొచ్చాగా. పంటి నొప్పని చెప్పి వెళ్ళాను చూడు, అది. పక్కలు కనిపిస్తాయట, నడిమధ్య చూపు మాత్రం తిరిగిరాదట. బస్సు మాట ఇంక ఎత్తొద్దన్నాడు."

"మరి?"

"మరేముంది? జనవరి ఆఖరు దాకా నేను ఉద్యోగంలో ఉంటే నీ చివరి ఫీజు మాఫీ. ఆ రోజుకి ఉద్యోగుల్లో నా పేరు లేకపోతే మాఫీ లేదు. ఫిబ్రవరి ఒకటిన తాళాలు ఇచ్చేస్తా. ఇంకా అయిదు దారులే షెల్బీ. అన్నీ కంఠతా వచ్చు. కళ్ళు మూసుకుని నడిపేస్తా..."

తనన్న మాట తనకే వినిపించినట్టుంది. ఆగిపోయింది. తర్వాత పిండి పిసకడం మొదలుపెట్టింది.

వద్దని నేను అనలేదు. బల్ల మీది పిండి తుడిచాను. ఆ కాలం గురించి ఎవరికైనా చెప్పాల్సివస్తే ఇప్పటికీ ఈ చోటుకి వచ్చి నా నోరు ఆగిపోతుంది.

ఆ తర్వాతి ప్రయాణం నుంచి నేను తలుపు పక్కన, అద్దానికి దగ్గరగా ఉన్న చిన్న సీట్లోకి మారాను. దారంతా మాట్లాడుతూనే ఉండేదాన్ని.

"అబ్బ, ఈ మలుపులో ముప్ఫై అయిదు కంటే పోవద్దని బోర్డు పెట్టారు, మంచి పని చేశారు. అదిగో బొగ్గు లారీ, ఎలా ఊగుతూ వస్తోందో చూడు, సగం రోడ్డు వాడిదే. ఎర్ర దీపం పడ్డట్టుందే."

వెనక సీట్లోంచి ట్రేవన్ అందుకున్నాడు. వాడు మా జట్టులో అందరికంటే పొడుగు, నోరు కూడా అంతే పొడుగు. "షెల్బీ, పోయినేడు నీకు మాటలు రావనుకున్నాం. ఈ ఏడు మూత పడటం లేదు. ఎవరైనా దొరికాడా ఏంటి?"

"ఆ స్పీడు బోర్డుతో ప్రేమలో పడింది రా. చూడు ఎంత ముద్దుగా పిలుస్తోందో," అన్నాడు ఇంకొకడు.

బస్సంతా నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. నాకు మెడ నరాలు లాగుతున్నాయి. ఇంటికి చేరేసరికి నేను రోజంతా రాళ్ళు మోసినట్టు ఉండేదాన్ని. అమ్మ ఎలా ఉండేదో అడగలేదు. మేమిద్దరం ఇంట్లో మాట్లాడుకోవడం తగ్గిపోయింది. మాటలన్నీ బస్సులో అయిపోయేవి.

క్రిస్మస్‌కి ట్రేవన్ వాళ్ళమ్మ లూయివిల్ నుంచి పెద్ద రేకు డబ్బా నిండా పెకాన్ బిస్కెట్లు పంపింది. పైన చీటీ. అమ్మ దాన్ని వేళ్ళతో తడిమి నాకిచ్చింది. "చదువు."

"మిస్ వెల్డా గారికి. మావాణ్ణి ప్రతిసారీ క్షేమంగా చేర్చే చేతులకి. బంగారు తల్లీ, రాత్రిళ్ళు నేను మీ పేరు చెప్పుకుని పడుకుంటాను."

అమ్మ ఒక బిస్కెట్ తీసుకుంది. కొరకలేదు. సాయంత్రం చూస్తే కిటికీ గట్టు మీద అలాగే ఉంది.

జనవరి పంతొమ్మిదిన బెల్‌గ్రోవ్‌తో ఆట, వాళ్ళ ఊళ్ళో. యాభై ఎనిమిది మైళ్ళ దూరంలో ఉన్న కాలేజీ అది. రెండు ఊళ్ళకీ మధ్య ఒకే కొండ. ఎందుకు మొదలైందో ఎవరికీ గుర్తులేని పగ. వాళ్ళ రంగు బట్టలు వేసుకుంటే మా ఊళ్ళో పెళ్ళికి కూడా లోపలికి రానివ్వరు.

ఆ పగలో బస్సు డ్రైవర్లకీ ఒక వాటా ఉంది. వాళ్ళ డ్రైవరు హోబర్ట్ సైజ్‌మోర్, అరవై దాటిన మనిషి, భార్య పోయింది. ఎవరి జట్టు ఓడితే ఆ డ్రైవరు అవతలి బస్సు ముందద్దం కడగాలి. అందరూ చూస్తుండగా, బకెట్టు పట్టుకుని, నిచ్చెన వేసుకుని. అమ్మ ఉద్యోగంలో చేరిన ఏడాది వాళ్ళిద్దరూ పెట్టుకున్న పందెం, ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. గత ఏడేళ్ళుగా మాత్రం కడిగింది మా అమ్మే.

ఆ రోజు మేం గెలిచాం. అప్పటికి పది ఆటలు వరసగా ఓడి ఉన్నాం. ఆఖరి సెకన్లలో ట్రేవన్ వేసిన బంతి బుట్ట కమ్మీ మీద రెండుసార్లు ఎగిరి, ఆలోచించుకుని, లోపల పడింది. ఒక్క పాయింటు తేడా. నేను స్కోరు పుస్తకంలో ఆ గీత గీస్తుంటే పెన్సిలు మొన విరిగింది.

బయటికొచ్చేసరికి మూడున్నర. మా బస్సు ముందద్దం నిండా ఉప్పూ బురదా. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే రోజులు. హోబర్ట్ వేణ్ణీళ్ళ బకెట్టుతో సిద్ధంగా ఉన్నాడు. మా కుర్రాళ్ళు చుట్టూ చేరి చప్పట్లు కొడుతున్నారు.

"ఏమోయ్ హోబర్ట్, నిచ్చెన ఎక్కడం గుర్తుందా? ఏడేళ్ళయిందిగా!" అంది అమ్మ మెట్ల మీంచి.

"ఈ ఒక్కరోజు నీది వెల్డా. బాగా నవ్వుకో. ఫిబ్రవరిలో మీ ఊరొస్తా, అప్పుడు నీ మోకాళ్ళు ఎలా ఏడుస్తాయో చూస్తా."

"నా మోకాళ్ళ సంగతి తర్వాత, మూలల్లో తుడువు. పైపైన పూసి దిగిపోయే మొగాళ్ళని చాలామందిని చూశా."

కుర్రాళ్ళు ఈలలు వేశారు. హోబర్ట్ నవ్వుతూ కడిగాడు. ఆఖర్న అమ్మ వెళ్ళి తన సీట్లో కూర్చునే వేళకి, అతను బకెట్టు అడుగున ఉన్న బురదలో వేలు ముంచి, అద్దం మీద సరిగ్గా ఆమె ఎదురుగా, చెయ్యంత పెద్ద అక్షరం రాశాడు. బెల్‌గ్రోవ్ మొదటి అక్షరం, బి. రాసి కిందికి దిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె తిట్టే తిట్టు కోసం ఎదురుచూస్తున్నాడు. మా కుర్రాళ్ళు అటు బస్సు వెనక సంచులు సర్దుతున్నారు. చూసింది నేనొక్కదాన్నే.

అమ్మ ఎదురుగా చూసింది. అద్దంకేసి మొహం కాస్త అటూ ఇటూ తిప్పింది. కిటికీ తీసి తల బయటికి పెట్టింది.

"బాగా చేశావు హోబర్ట్. ఏడాదికోసారైనా పనికొస్తావు."

నేను నోరు తెరిచాను. ఆలస్యమైపోయింది.

హోబర్ట్ మొహంలో నవ్వు అలాగే ఉండి, మెల్లగా తగ్గింది. ఆమెని చూశాడు, అద్దాన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. మళ్ళీ నిచ్చెన ఎక్కి, కోటు చేత్తో ఆ అక్షరాన్ని తుడిచేశాడు. రెండుసార్లు తుడిచాడు. దిగి, బకెట్టు పారబోసే వంకతో నా పక్కకి వచ్చాడు.

"ఎంతకాలంగా పిల్లా?"

"ఈస్టరు నించి."

అతను తిట్టలేదు. బకెట్టు బోర్లించాడు. 

"మీ కోచ్‌తో ఏం చెప్పను? మీ బస్సు నేను నడుపుతానంటే ఇక్కడే కొట్టుకుంటారు మన రెండు ఊళ్ళవాళ్ళూ." తన ట్రక్కు తాళాలు జేబులోంచి తీసి, "సరే. ఓడింది మేమేగా. ఇంటిదాకా దిగబెట్టడం కూడా ఓడినవాడి పనే అనుకుంటా," అన్నాడు.

బస్సు బెల్‌గ్రోవ్ దాటేసరికి మా ముందుకి ఒక పాత ట్రక్కు వచ్చింది. వెనక రెండు ఎర్ర దీపాలూ ఆగి ఆగి వెలుగుతున్నాయి. నలభైకి మించకుండా పోతోంది. మలుపు వచ్చేముందు ఇంకా తగ్గుతోంది. కొండ మీద, వంతెనల మీద, రాతి చర్చి దగ్గర, ప్రతిచోటా ముందుగా చెప్పినట్టు వెలిగి ఆరుతోంది. వెనక కుర్రాళ్ళు గొంతు పోయేలా పాడుతున్నారు.

"ఎవడో ముసలాడు, అడ్డం వచ్చాడు," అంది అమ్మ.

"హోబర్ట్," అన్నాను.

 ఆ తర్వాత నేను బోర్డులు చదవలేదు. అవసరం లేకపోయింది. యాభై ఎనిమిది మైళ్ళు ఆ రెండు దీపాల వెనకే వచ్చాం. కాలేజీ జిమ్ ముందు మేం ఆగాక ట్రక్కు చుట్టు తిరిగి, ఒకసారి హారన్ కొట్టి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. చీకటి పడుతోంది.

కుర్రాళ్ళు దిగిపోయారు. కోచ్ దిగిపోయాడు. దిగుతూ అమ్మ భుజం తట్టి, "ఈ ఏడాదికి ఇది చాలు మిస్ వెల్డా," అన్నాడు. అమ్మ సీట్లోంచి లేవలేదు.

"ఆ అద్దం మీద ఏం చేశాడు వాడు?"

"బి అని రాశాడు. నీకు ఎదురుగా."

"ఎంత?"

"చెయ్యంత."

"నేనేమన్నాను?"

"బాగా చేశావన్నావు."

అమ్మ తల ఊపింది. తాళం తిప్పి ఇంజన్ ఆపింది.

ఆదివారం చర్చికి వెళ్ళలేదు. చిక్కుడు గింజలు ఉడికించి, మొక్కజొన్న రొట్టె చేసింది. ఇద్దరం తిన్నాం. ఆటల పట్టిక ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. అందులో నెలాఖరులోగా ఇంకా రెండు దారులు.

"పన్నెండు రోజులే," అన్నాను.

ఆ మాట అన్నది నేను. అమ్మ కాదు.

"ఔను, పన్నెండు రోజులే," అంది అమ్మ. కంచం మీద రొట్టె ముక్కలు వేళ్ళతో దగ్గరికి చేర్చింది. తర్వాత, "ట్రేవన్ వాళ్ళమ్మకి ఆ డబ్బా తిరిగిచ్చామా?" అంది.

"లేదు."

"ఖాళీ డబ్బా ఇస్తే బాగుండదు. ఏదైనా చేసిపెట్టు. రేపు ఎలాగూ కాలేజీకి వెళ్తాంగా, వాడి చేతికిద్దాం."

రేపు ఎందుకు వెళ్తున్నామో నాకు అర్థమైంది. లేచి బెల్లంపాకం బిస్కెట్లకి పిండి తీశాను.  ఏడవాలనిపించలేదు, పడుకోవాలనిపించింది.

సోమవారం అమ్మ చర్చికి వేసుకునే కోటు వేసుకుంది. కోచ్ గదిలో బల్ల మీద తాళాలు పెట్టి, నిలబడే చెప్పింది. ఎక్కువ మాటలు లేవు. కోచ్ మొదట నవ్వబోయాడు, ఏదో హాస్యం అనుకుని. తర్వాత కుర్చీలోంచి లేచాడు.

"ఇరవై మంది పిల్లలు, మిస్ వెల్డా!"

"ఔను కోచ్."

"ఇరవై మంది! వాళ్ళమ్మలకి నేను ఏం చెప్పేవాణ్ణి?"

"ఔను."

నావైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"తెలుసండీ."

"ఎప్పట్నించి?"

"డిసెంబరు నించి."

ఆయన మళ్ళీ నన్ను చూడలేదు. ఆ రోజే కాదు, ఆ ఏడంతా. అది అన్యాయమని నాకెప్పుడూ అనిపించలేదు.

అమ్మ వెళ్ళిపోలేదు. కుర్చీ అంచు తడుముకుని కూర్చుంది. "స్కోరు పుస్తకం తెరువు షెల్బీ. వెనక పేజీలు," అంది. "కొత్తగా వచ్చేవాడికి ఈ దారులు తెలియవు. ఇంకా ఆరున్నాయి."

చెప్పడం మొదలుపెట్టింది. బుధవారం ఆటకి వెళ్ళే దారి మొదట. ఏ వంతెన మీద మంచు ముందుగా గడ్డకడుతుందో. ఏ మలుపులో బొగ్గు లారీలు గీత దాటి వస్తాయో. ఏ ఊళ్ళో బడి వదిలే వేళకి పిల్లలు రోడ్డు మీద ఉంటారో. ఏ దిగుడులో బ్రేకు కాదు, గేరు నమ్ముకోవాలో. ఎక్కడ ఆపితే కుర్రాళ్ళకి వేడి సూపు దొరుకుతుందో, ఎక్కడ ఆపితే కడుపు చెడుతుందో. నేను రాస్తూ పోయాను. కోచ్ కిటికీ దగ్గర మాకు వీపు తిప్పి నిలబడ్డాడు. మూడో దారి చెబుతుండగా పక్క గదిలో ఫోన్ మోగింది. ఆయన వెళ్ళి మధ్య తలుపు మూసి, మళ్ళీ వచ్చి అక్కడే నిలబడ్డాడు.

ఆరూ అయ్యేసరికి గంటన్నర పట్టింది. ఆఖరి దారి చివర అమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "అంతే," అంది.

వెళ్తూ వెళ్తూ జిమ్‌లో ట్రేవన్‌కి డబ్బా ఇచ్చాం. వాడు మూత తీసి వాసన చూసి, "మిస్ వెల్డా, ఇవి మా అమ్మదాకా చేరవు, ముందే చెప్తున్నా," అన్నాడు.

ఫిబ్రవరిలో నా పేరు కాలేజీ పుస్తకాల్లోంచి తీసేశారు. నిబంధన నిబంధనే, ఎవర్నీ తప్పుపట్టలేదు. ఊరి బడి వంటింట్లో గిన్నెలు కడిగే పనికి కుదిరాను. ఆ తర్వాత ఏడాదికి రెండు పాఠాలు, మూడు పాఠాలు చొప్పున చదివి ఎప్పటికో పూర్తిచేశాను. అది ఇంకో కథ, అందులో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. అమ్మ రోజంతా రేడియో పెట్టుకుని కూర్చునేది. బయటి ఊళ్ళో ఆట ఉన్న రోజు, బస్సు ఈపాటికి ఎక్కడుంటుందో గడియారం గంటల్ని బట్టి చెప్పేది. "బొగ్గు లారీల మలుపు దాటి ఉంటారు" అనేది. "ఇప్పుడు సూపుకి ఆగి ఉంటారు."

ఫిబ్రవరి ఇరవై మూడున బెల్‌గ్రోవ్ వాళ్ళు మా ఊరొచ్చారు. అమ్మా నేనూ టిక్కెట్టు కొనుక్కుని పై వరసలో కూర్చున్నాం. స్కోరు పుస్తకం ఎవరో కొత్త అమ్మాయి రాస్తోంది, తప్పులు చేస్తోంది. పదకొండు తేడాతో ఓడిపోయాం. క్లోవిస్ మామ జేబులోంచి అట్టముక్క తీసి చూసుకుని, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. సెప్టెంబరులో ఆయన పెట్టిన గుర్తుల ప్రకారం మేం పదిహేను గెలవాలి. నాలుగు గెలిచాం.

బయట వాళ్ళ బస్సు నిలబడి ఉంది. మా కొత్త డ్రైవరు, టోపీ పెట్టుకున్న కుర్రాడు, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. పందెం గురించి అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు.

అమ్మ నా చెయ్యి వదిలింది. "జిమ్ వెనక గదిలో బకెట్టు ఉంటుంది. వేణ్ణీళ్ళు పట్టుకురా. నిచ్చెన కూడా."

తెచ్చాను. నిచ్చెన నేను పట్టుకున్నాను. అమ్మ ఎక్కింది. గుడ్డ ఒక చేతిలో, రెండో చెయ్యి వట్టిది. ఆ వట్టి చేతి వేళ్ళతో అద్దాన్ని తడిమి, ఉప్పు గరుకు ఎక్కడ తగిలితే అక్కడ తుడుస్తోంది. హోబర్ట్ లోపల తన సీట్లో కూర్చుని చూస్తున్నాడు. కాసేపటికి కిటికీ తీశాడు.

"ఎడమ పక్క. ఇంకాస్త కింద వెల్డా."

"నోరు మూసుకో హోబర్ట్. వేళ్ళకి తెలుస్తోంది."

అతను నోరు మూసుకున్నాడు. జిమ్‌లోంచి వచ్చే జనం ఆగి చూశారు. కొందరు పాతవాళ్ళు చప్పట్లు కొట్టారు. అమ్మ అద్దం ఈ చివర నుంచి ఆ చివర దాకా కడిగింది, నాలుగుసార్లు నిచ్చెన జరిపించింది. ఆఖర్న డ్రైవరుకి అడ్డం రాని కుడి పక్క మూలకి వచ్చి, బకెట్టు అడుగున వేలు ముంచి, ఒక అక్షరం రాసింది. మా పైన్ ఫోర్క్ మొదటి అక్షరం. కాస్త వంకరగా వచ్చింది.

కిందికి దిగి, చేతులు కట్టుకుని నిలబడింది.

హోబర్ట్ అద్దం మొత్తం చూశాడు. ఆ మూల దాకా చూశాడు. తీరిగ్గా, చాలాసేపు.

"బాగా చేశావు వెల్డా," అన్నాడు. "ఏడాదికోసారైనా పనికొస్తావు."

కిటికీ మూసుకుంది. బస్సు కదిలింది. గేటు దాటి, క్లోవిస్ మామ బంకు దగ్గర కొండవైపు తిరుగుతోంది. అమ్మ ఖాళీ బకెట్టు పట్టుకుని చప్పుడు వస్తున్న వైపుకి మొహం పెట్టింది.

"తుడిచేశాడా, ఉందా?"

నేను చూశాను. మలుపులో ఒక్క క్షణం ముందద్దం మావైపు తిరిగింది.

"ఉంది," అన్నాను.